‘చానా ఈజీ’ సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

కావ్యాలకు టీకలు రాసేవాళ్లు తగ్గిపోయారు గానీ, టీక లేనిదే మింగుడుపడని రాతలు మాత్రం తగ్గలేదు. వాటిలో అగ్రగణ్యం సెల్‌ఫోన్లో వచ్చిపడే వంటకాలు. మా షడ్డకుడన్న తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటారు. మనవడి పుట్టినరోజుకు అరవై మందిని పిలిచారు. డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన వంటకాన్ని ఇంటి గ్రూపులో పెడుతూ, తలకట్టుగా రెండు మాటలు సొంతంగా చేర్చారు. ఆ గ్రంథం ఇది.

మూలం: “చానా ఈజీ. బన్నులు అడ్డంగా కోసి, నడాన హామూ చీజూ పెట్టి, పైన వెన్న రాసి, ఓవెన్లో 350 డిగ్రీల్లో 20 నిమిషాలు. ఎంతమందికైనా సరిపోతుంది. ట్రై చేయండి.”

సూత్రమంటే అక్షరాలు తక్కువగా ఉండాలి, సందేహం ఉండకూడదు, సారం ఉండాలి అని పెద్దలు లక్షణం చెప్పారు. మొదటిది కుదిరింది. మిగిలిన రెండింటి కోసమే ఈ టీక. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కలం పట్టినవాడు కొలచల మల్లినాథసూరి. నేను అట్లాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు. వ్యాఖ్యకు పేరుండడం ఆచారం కాబట్టి దీనికి ‘మసిగుడ్డ’ అని పేరు పెడుతున్నాను. వేడి గిన్నె దించేటప్పుడు చేతికి అడ్డం పడేది అదే గనక. సూత్రకారుడు దాన్ని ఎన్నడూ పట్టుకున్న దాఖలా లేదు.

టీక

చానా ఈజీ: గ్రంథానికి ప్రాణం ఈ రెండు మాటలే. కాబట్టి చివర చూద్దాం.

బన్నులు: స్పష్టం.

కోసి, పెట్టి, రాసి: ఇక్కడ ఆగాలి. ఇవి మూడూ క్త్వార్థకాలు. వీటి కర్తా, వాక్యం చివర వచ్చే క్రియకు కర్తా ఒకరే అయి ఉండాలన్నది వ్యాకరణం. తీరా చివర చూస్తే “20 నిమిషాలు” ఉంది, క్రియ లేదు. కోసేదెవరు? పెట్టేదెవరు? రాసేదెవరు? కర్త మాయం. కర్మలు మాత్రం నూట ఇరవై బన్నుల రూపంలో బల్ల మీద కుప్పగా ఉన్నాయి. వంటకాలు రాసే మగవాళ్ల గ్రంథాలన్నింటిలోనూ ఈ దోషం కనిపిస్తుంది. వాళ్ల వాక్యాల్లో ఉల్లిపాయలు వాటంతటవే తరుక్కుంటాయి, గిన్నెలు వాటంతటవే తోముక్కుంటాయి.

కర్తను దాచని కవి ఒకడున్నాడు. అతని గురించి చెప్పకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు. ఏడుసార్లు కొండకు వచ్చి, మహాద్వారం దాటగానే ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటికి వేళాపాళా లేకుండా వైష్ణవులు వచ్చిపడుతుంటారు. అదీ గుంపే. అదీ జడివాన పట్టిన రోజుల్లో. కట్టెలు తడిసి ఉంటాయి. తడి కట్టె రాజేస్తే పొగ. అప్పుడు ఆ ఇల్లాలి కళ్లలోకి పొగ సోకకుండా కొబ్బరి చిప్పలు అంటించి వండించాడు కవి. గమనించాలి. రాజ్యాలు గెలిచినవాడికి, వంటింట్లో ఒక ఆడమనిషి కళ్లు మండుతాయేమో అన్న సంగతి తట్టింది. కొబ్బరి చిప్పే ఎందుకు అంటే, అందులో చెమ్మ తక్కువ, గట్టిదనం ఎక్కువ. ఒకసారి అంటుకుంటే సెగ బాగా ఇస్తుంది, పొగ పెట్టదు. ఈ సంగతి సింహాసనం మీద కూర్చుని తెలుసుకునేది కాదు. ఎవరో పొయ్యి ముందర కూర్చున్నవాళ్లను అడిగే ఉండాలి.

ఇక విస్తట్లో ఏమున్నాయి? వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, చేతికి అడ్డులేని నెయ్యి. వ్యాఖ్యాతలు చాలామంది ఈ చోట నెయ్యి దగ్గర ఆగిపోతారు. నేను వరుగుల దగ్గర ఆగుతాను. వానల్లో కూరగాయలు సరిగా దొరకవు. అందుకే ఎండాకాలంలోనే ముక్కలు కోసి ఎండబెట్టి దాచిపెట్టారు. వడియాలూ అంతే. మిద్దె మీద చీర పరిచి, పిండి పెట్టి, కాకుల్ని తోలుతూ నడినెత్తిన ఎండ కాసినాక తయారైనవి అవి. అంటే ఆషాఢం నాటి విందుకు వంట చైత్రంలోనే మొదలైంది. వచ్చిన అతిథికి “అరె, ఇంత గబుక్కున ఎట్లా వండినావమ్మా” అనిపించి ఉంటుంది. గబుక్కున వండలేదు నాయనా. నువ్వు రాకముందే నెలల తరబడి వండింది.

హామ్ సంగతి పక్కకు పోయింది. వస్తున్నాను.

నడాన హామూ: హామ్ అంటే ఏమిటో చెప్పడం తేలిక. కానీ చెప్పను. ఇది ఆదివరాహ క్షేత్రం. ముందు పుష్కరిణి గట్టున వరాహస్వామిని దర్శించుకుని, ఆ తర్వాతే శ్రీనివాసుడి దగ్గరికి పోవాలన్నది కొండ మీది మర్యాద. ఆ కొండ పాదాల చెంత కూర్చుని ఈ పదానికి ప్రతిపదార్థం రాసేంత ధైర్యం వ్యాఖ్యాతకు లేదు. అట్లాగని తిరుపతి అంతా పప్పు, చారు అనుకునేవాళ్లు మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడలేదన్నమాట. అలిపిరి దాటి పైకి మాంసం పోదు. అలిపిరికి ఇవతల నాటుకోడి పులుసు లేని ఆదివారం ఉండదు. రెండు నియమాలూ ఒకే ఊళ్లో ఒకదాన్ని ఒకటి ఒరుసుకోకుండా నడుస్తున్నాయి.

పాఠభేదాలు: ‘హామ్’ అన్నచోట ‘చికెన్ సలామీ’ అని రెండో కోడలి పాఠం. ‘పుట్టగొడుగులు’ అని శనివారం నియమం ఉన్నవారి పాఠం. ‘పన్నీరు’ అని సూత్రకారుడి సవరణ. ఈ చివరిది నిలవదు. పన్నీరు వేడికి మెత్తబడుతుందేగానీ కరిగి పారదు. నిమ్మరసమో వెనిగరో పోసి పాలు విరిచేటప్పుడే అందులోని సున్నపు అంశం కొంత తేటలోకి పోతుంది. కరిగి సాగడానికి కావలసిన పట్టు ఆ తర్వాత ఉండదు. ప్యాకెట్లో వచ్చే చీజు ముక్క అట్లా కాదు. కొవ్వూ నీరూ విడిపోకుండా ముందే లవణాలు కలిపి ఉడికించినది కాబట్టి సాఫుగా కరుగుతుంది. కరగడమే ప్రాణమైన వంటకంలో కరగని దాన్ని పెట్టమన్నవాడికి మూలం అర్థం కాలేదనే చెప్పాలి. సూత్రకారుడికే సూత్రం అర్థం కాకపోవడం శాస్త్రాల్లో కొత్త కాదు.

350 డిగ్రీల్లో: ఇది పెద్ద చిక్కు. షడ్డకుడన్న భార్య, అంటే మా వదిన, వాడే చిన్న ఓవెన్ మీది అంకెలు 250 దగ్గర ఆగిపోతాయి. “ఇంకా నూరు డిగ్రీలు యాడి నుంచి తెచ్చేది?” అని ఆమె అడిగిందానికి సూత్రకారుడి సమాధానం “ఎక్కువసేపు పెట్టు” అని. సమన్వయం: ఆ 350 అమెరికా వాళ్ల ఫారన్‌హీట్. మన లెక్కలో సుమారు 177. కొడుకు పంపిన అంకెను తండ్రి ఎత్తి రాశారు, పక్కనున్న అక్షరాన్ని వదిలేశారు. లేఖక దోషమని సరిపెట్టుకోవచ్చు. కానీ ఇట్లాంటి లేఖక దోషాలకు మాడేది తాటాకు కాదు, బన్నులు.

ఎంతమందికైనా సరిపోతుంది: ఈ మాట అన్నవాడు తిరుపతివాడు కావడమే నాకు మంట. గుంపుకు వండడమంటే ఏమిటో ఈ ఊరికి తెలిసినంత మరే ఊరికి తెలుసు? దానికి కావలసిన సరుకుల కొలతల పట్టికకు కొండ మీద ‘దిట్టం’ అని పేరు. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, ఆవు నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోలు. ఎనిమిది వందల కిలోల సరుకులో నాలుగు కిలోల యాలకులకు కూడా లెక్క ఉంది. ‘చిటికెడు’ అనలేదు, ‘తగినంత’ అనలేదు. ఆ లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు చాలా ముందే ఈ లెక్క ఉంది.

ఇంకా వెనక్కి పోతే శాసనాలు. దేవస్థానం వాళ్లు సంపుటాలుగా అచ్చువేసిన వాటిని తిరగేయండి. నైవేద్యానికి కైంకర్యం రాయించిన దాత బియ్యం ఇంత, నెయ్యి ఇంత, పెసరపప్పు ఇంత, పెరుగు ఇంత అని రాతి మీద చెక్కించాడు. ప్రసాదంలో దాతకు నాలుగో వంతు అని భాగం కూడా చెక్కించుకున్నాడు. ఈ కాలానికి వస్తే, 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరున్న భవనంలో జరుగుతోంది. నాలుగు హాళ్లు, ఒక్కోదానిలో వెయ్యి మంది. పంక్తి లేచేలోపల తర్వాతి పంక్తికి అన్నం సిద్ధంగా ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లెవరూ “చానా ఈజీ” అనగా నేను వినలేదు. వాళ్లకు తీరిక ఉండదు.

ఇప్పుడు బైరాగిపట్టెడ దిట్టం చూద్దాం. అరవై మందికి, మనిషికి రెండు చొప్పున నూట ఇరవై బన్నులు. పదేసి ముక్కల చీజు ప్యాకెట్లు పన్నెండు. వదిన ఓవెన్ ట్రేలో తడవకు పన్నెండు బన్నులు పడతాయి. పది తడవలు. తడవకు ఇరవై నిమిషాలు. ట్రే తీసి, కాలినవి ఎత్తి, కొత్తవి పేర్చి, మళ్లీ సెగ అందుకునేదానికి ఇంకో ఐదు. మొత్తం నాలుగు గంటల పది నిమిషాలు. మూలంలో ఇరవై నిమిషాలు. ఏడింటికి కేకు కోయాలంటే మూడింటి లోపల ఆమె ఓవెన్ ముందర నిలబడాలి. చివరి తడవ బయటికి వచ్చేసరికి మొదటి తడవ బన్నుల్లో చీజు మళ్లీ బిగుసుకుపోతుంది. ఈ నాలుగు గంటల్లో వెన్న రాసే బ్రష్షు వెంట్రుకలు రెండు ఊడి బన్నుకు అంటుకుంటాయి. వాటిని గోటితో తీస్తుండగా ట్రే అంచు ముంజేతికి తగులుతుంది. అక్కడ ఎర్రగా ఒక గీత పడుతుంది. ఆ గీత ఏ వంటకంలోనూ రాసి ఉండదు.

పూర్వపక్షం: మరి అమెరికాలో చేస్తున్నారు గదా? వాళ్లకు ఈజీ ఎట్లా అయింది?

సమాధానం: నిజమే, అక్కడ ఈజీయే. అక్కడ పొయ్యి కిందే పెద్ద ఓవెన్ ఉంటుంది. తొమ్మిది అంగుళాలకు పదమూడు అంగుళాల పళ్లెం ఇంటింటా ఉంటుంది, ఒకేసారి రెండు పడతాయి. బన్నులు ఒకదానికొకటి అంటుకుని అచ్చు పలకలాగా వస్తాయి. కత్తి ఒక్కసారి అడ్డంగా దూస్తే డజను తెగుతాయి. హామ్ పలచగా కోసి వస్తుంది, చీజు కోసి వస్తుంది. సగం వంట ఫ్యాక్టరీలో అయిపోయి వస్తుంది. విష్ణుచిత్తుడి ఇంట్లో వేసవి చేసిపెట్టిన పని అక్కడ యంత్రం చేసిపెడుతోంది. ఎవరో ఒకరు ముందే చేసిపెట్టనిది ఏ వంటా సులభం కాదు. డాలస్ నుంచి వంటకం వచ్చింది, ఓవెన్ రాలేదు, ఫ్యాక్టరీ రాలేదు. వాటి స్థానంలో వదిన ఉంది.

ట్రై చేయండి: మధ్యమ పురుష, గౌరవ బహువచనం. రోజూ “ఏమే” అని పిలిచే మనిషికి గ్రూపులో “చేయండి” అని గౌరవం. పని పెద్దదయ్యేకొద్దీ గౌరవం పెరగడం లోకంలో ఉన్నదే.

చానా ఈజీ: అన్నీ చూసినాక దీని అర్థం తేలింది. వంట ఈజీ అని కాదు, చెప్పడం ఈజీ అని. అట్లా చదువుకుంటే మూలంలో ఏ దోషమూ లేదు.

తాత్పర్యం

ఓ బంధువులారా! బన్నులో హామో సలామీయో, చీజూ పెట్టి వెన్న రాసి 180 డిగ్రీల దగ్గర, చీజు కరిగి పైన ఎర్రబడేదాకా కాలిస్తే రుచిగానే ఉంటుంది. పన్నెండు మందికి చేసుకోండి, వేడివేడిగా తినండి. దానికి టీక అక్కరలేదు. అరవై మందికి మాత్రం ఇది ఇంటి వంట కాదు. అరవై మందికి కావలసింది సూత్రం కాదు, దిట్టం. దిట్టంలో సరుకుల పక్కన ఇంకో గడి గీసి, ఈ పని ఎవరిది అని పేర్లు రాయాలి. ఆ గడిలో ఒకే పేరు పదిసార్లు వస్తుంటే వంటకం మార్చాలి, లేదంటే వంట మాస్టర్‌ను పిలిపించాలి.

ఈ సంగతి వదిన నాకంటే తక్కువ అక్షరాల్లో చెప్పింది. “మాస్టర్ని పిలిపించమను మీ అన్నను. చిత్రాన్నం, వడ, పాయసం పెట్టిస్తే పోయె. నేను గూడా ఒకపూట ఆకు ముందర కూర్చుంటా.” అక్షరాలు తక్కువ, సందేహం లేదు, సారం ఉంది. సూత్రమంటే ఇది. గుంపుకు వంటకాలు పంపేవాళ్లు పంపే ముందు, వండబోయే మనిషి ఆ పూట ఎన్నింటికి తింటుందో అడిగి, ఆ వేళ కూడా కింద రాయండి.