ఫైలుకు మొదటి ఆట ఎప్పుడో?

ఫిల్మ్‌నగర్‌లో విడుదల తేదీ వాయిదా పడితే మనకు ఒళ్లు మండుతుంది. 2020 జులై 30న రావాల్సిన ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ 2022 మార్చి 25న వచ్చిందని ఎంత గోల చేశాం! పాపం రాజమౌళి, అమెరికా విదేశాంగ శాఖ ముందు ఆయనెంత?

ఏ తేదీ (అదే ప్రయారిటీ డేట్) నాటి గ్రీన్‌కార్డ్ దరఖాస్తుల వంతు వచ్చిందో చెబుతూ ఆ శాఖ నెలనెలా వీసా బులెటిన్ వదులుతుంది. అక్కడ పౌరుడైన అన్న ఇక్కడి తమ్ముడి కోసం పెట్టిన దరఖాస్తుల్లో, 2025లో మనవాళ్ల వంతు నడిచింది 2006 నాటి వాటికి. అంటే ‘పోకిరి’ వచ్చిన ఏడాది. ఆ సినిమా 2022లో మళ్లీ థియేటర్లకొచ్చి ఈలలు వేయించుకుంది కూడా. 2007 నాటి ఫైళ్లకైతే అప్పటికింకా మొదటి ఆటే పడలేదు.

ఇక ఉద్యోగాల ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల కోటా ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ దేశానికైనా సీలింగు 7 శాతమే. ఐస్‌లాండ్‌కూ అంతే, ఇండియాకూ అంతే. పైగా బులెటిన్‌లో తేదీలు ముందుకే నడుస్తాయన్న పూచీ లేదు, ఒక్కో నెల ఫ్లాష్‌బ్యాక్‌లోకి పోతాయి. ఈలోగా పిల్లాడికి 21 నిండితే (లెక్కలో కొంత సడలింపు ఉందిలెండి) నాన్న లైన్లోంచి అవుట్.

జూబ్లీహిల్స్ సంబంధాల్లో మాత్రం ‘అబ్బాయికి గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది’ అనగానే కాఫీతో పాటు జీడిపప్పూ వస్తుంది. ప్రయారిటీ డేటెంత బాబూ అని అడిగిన మామగారు ఇంతవరకు కనపడలేదు.