ఆరు భాషల వేలిముద్ర

2011 జనాభా లెక్కల ప్రకారం అనంతపురం జిల్లా అక్షరాస్యత 63.57 శాతం. మిగిలిన 36 శాతానికీ ఏమీ రాదు. సర్కారు వారి మాట ఇది. నమ్ముదామా?

ఆ ‘ఏమీ రానివాళ్ల’లో ఒకావిడను ఊహించుకోండి. పెద్ద కష్టం కాదు. కదిరి బస్టాండులో కాసేపు నిలబడితే అలాంటి మనిషి మీ పక్కనే ఉంటుంది. ఇంట్లో సుగాలి మాట్లాడుతుంది. సంతలో తెలుగు. వాన మొగం చాటేసిన ఏడు మొగుడితో బెంగళూరు పోయి ఇటుకలు మోసింది. మేస్త్రీ తిట్లతో కన్నడ వచ్చింది. తనతో తట్ట మోసిన బీహారు కూలీలతో హిందీ వచ్చింది. అప్పు చేసి ఏజెంటు చేతిలో పోసి కువైట్ పోతే వంటింట్లో అరబ్బీ వచ్చింది. ఆ ఇంటి డ్రైవరుది కేరళ. మలయాళమూ వచ్చింది. మొత్తం ఆరు. తిరిగొచ్చి అప్పుకోసం బ్యాంకుకు పోతే అక్కడి సారు ఇంగ్లిష్ కాగితం ముందుకు తోశాడు. “వేలిముద్ర వెయ్యమ్మా.”

ఇక్కడ నిరక్షరాస్యులెవరు? ఆరు భాషలొచ్చిన ఆమా? ఆరింట్లో ఒక్క భాషలోనైనా ఆమెకు అర్థమయ్యే కాగితం అచ్చు వేయలేని వ్యవస్థా?

జనాభా లెక్కల ఫారం చూశారా ఎప్పుడైనా? మాతృభాషకు ఒక గడి. తెలిసిన ఇతర భాషలకు రెండే. అంతే. మూడుకు మించి వస్తే ఏం చేయాలో ఢిల్లీకి తోచలేదు. ఢిల్లీలో వాళ్లకు అవసరం పడలేదు కాబోలు. ఈమెకు వచ్చిన ఆరింట్లో మూడు గాలికి పోయాయి. మిగిలిన మూడైనా భద్రమా? లంబాడీ, అంటే ఈ సుగాలే, మాతృభాష అని రాయించుకున్న వాళ్లందరినీ లెక్కలు తేల్చేటప్పుడు హిందీ పద్దులో కలిపేస్తారు. తండా దాటని అవ్వ, హిందీలో నీళ్లు కూడా అడగలేని అవ్వ, దస్తావేజుల్లో హిందీ మాట్లాడుతోంది! ఏందప్పా ఈ మాయ? చదువు చెప్పడం చేతకాలేదు గానీ, భాష మార్చడం మాత్రం ఒక్క కలంపోటుతో అయిపోయింది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయ ఊడ దిగే వేళకు మొండికేస్తుంది, పెరికి కుప్ప వేశాక కుండపోతగా దిగుతుంది. అందుకే ఇక్కడి జనం వలస పోయి భాషలు నేర్చారు. ఎవరూ స్పోకెన్ క్లాసులకు పోలేదు. పస్తులే ఫీజు. కరవేళ్లలో కేరళ వీధుల్లో చేయి చాచిన రైతుల కథలు పత్రికల్లో చదివి మనం అయ్యో అన్నాం. చేయి చాచేవాడు ఏ భాషలో అడిగాడని ఎవరైనా ఆలోచించామా?

అసలు రోగం ఇదీ. ఈ గడ్డ మీద భాష నేర్చుకోవాల్సిన పూచీ ఎప్పుడూ కిందివాడిదే. పైవాడు నేర్చుకోడు. పైవాడి భాషను కిందివాడు మోయాలి.

ఇది నిన్న మొన్నటి జబ్బు కాదు. గుత్తికి కొద్ది దూరంలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. మన ప్రాంతానికి అందిన తొలి జీ.ఓ.లు అవే అనుకోండి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. అందులో ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. పండితులకు అది వింత. అమరావతి సచివాలయం ఉత్తర్వులు చదివిన వాళ్లకు ఇందులో వింతేముంది? అయినా అశోకుడు నయం. భేరి మోగించి జనానికి చెప్పండని అదే రాతి మీద అధికారులను ఆదేశించాడు. రెండు వేల రెండొందల ఏళ్లయింది. ఆ భేరి కూడా మూగబోయింది.

తర్వాత తెల్లదొర వచ్చాడు. 1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీకి ధారపోశాడు. థామస్ మన్రో కలెక్టరై వచ్చి ఊరూరా గుర్రమేసుకు తిరిగాడు, రైతుతో నేరుగా మాట్లాడాడు. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టి, కొత్తగా దిగిన కుర్ర దొరలకు ఇక్కడి భాషలు నేర్పారు, పరీక్షలు పెట్టారు. ఆ బాపతే 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది. ఇదంతా మనమీద ప్రేమా? పన్ను పిండడానికి! కొల్లగొట్టడానికి వచ్చినవాడు కూడా ముందు భాష నేర్చుకుని, ఆ తర్వాత కొల్లగొట్టాడు. మనవాళ్లు ఆపాటి కష్టం కూడా పడటం లేదు.

ఇక తెలుగు పేరు చెప్పుకుని మమ్మల్ని మోసిన పల్లకీ సంగతి. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక. రండి, మనది ఒకే భాష, కలిసి రాష్ట్రం తెచ్చుకుందాం అన్నారు కోస్తా పెద్దలు. నీళ్లలో మీకే ముందు పీట అన్నారు. విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలో అన్నారు. రాయలసీమ పెద్దలు సందేహిస్తూనే సంతకం పెట్టారు. 1953 అక్టోబరు 1న భాష పేరుతో రాష్ట్రం వచ్చింది. నీళ్లు వచ్చాయా? రాష్ట్రం కోసం భాష ఒకటైంది, కాలువ దగ్గర మాత్రం ఎవరి ఊరు వాళ్లదైంది. పైగా మా మాటకు యాస అని పేరు పెట్టారు. సినిమాలో సుమోలు పేలాలంటే సీమ మాట కావాలి. హీరోయిన్‌తో పాట పాడాలంటే మాత్రం అది పనికిరాదు. మొన్నటిదాకా మా మాట మాట్లాడింది బాంబులు, వేటకొడవళ్లే గదప్పా!

అదే 1953లో గీత గీశారు. బళ్ళారి మైసూరుకు పోయింది. రాయదుర్గం, ఆలూరు, ఆదోని ఆంధ్రకు వచ్చాయి. జనం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు, గీత వాళ్ల ఇళ్ల మధ్య నుంచి పోయింది. మడకశిర ప్రాంతం పటం చూడండి. మూడు వైపులా కర్ణాటక. పక్కనే పావగడ కర్ణాటకది, దాదాపు చుట్టూ మన రాష్ట్రం. రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ వైపు పోతే ఇంట్లో కన్నడ, ఆఫీసులో తెలుగు. అమరాపురం పక్కన హేమావతి నొళంబుల రాజధాని. వాళ్ల శాసనాలు కన్నడంలోనే ఉన్నాయి. అంటే అక్కడి పిల్లవాడి భాష ఆ నేలకు నిన్న వచ్చిన చుట్టం కాదు, వెయ్యేళ్ల కాపురం. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడమని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెప్పింది. 1956లో చేర్చారు దాన్ని. విద్యాహక్కు చట్టం 2009లో అదే మాట మళ్లీ చెప్పింది, ‘సాధ్యమైనంత వరకు’ అని ఓ తోక తగిలించి. ఆ తోక పట్టుకునే కదా పాలకులంతా వైతరణి దాటేది! సరిహద్దు బడిలో కన్నడ పంతులు కుర్చీ ఖాళీ అయితే ఏ నాయకుడు ధర్నా చేశాడు? ఏ పార్టీ బంద్ పిలిచింది?

2019 నవంబరుకు వద్దాం. 81వ నంబరు జీ.ఓ. సర్కారు బడులన్నీ ఇంగ్లిష్ మీడియం అన్నారు. తెలుగు మీడియం ఎత్తేసే ఆ ఉత్తర్వు ఏ భాషలో ఉంది? చెప్పాలా? 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఈ మధ్యలో నడిచిన నాటకం చూశారు గదా. అప్పటి ప్రతిపక్షం తెలుగుతల్లి కోసం బొటబొటా కన్నీళ్లు కార్చింది. మునిసిపల్ బడులను ఇంగ్లిష్‌లోకి మార్చాలని 2017లో ఉత్తర్వు ఇచ్చిందీ వాళ్లే. మీ పిల్లలు ఏ మీడియంలో చదివారని అప్పటి ముఖ్యమంత్రి అడిగారు. నిజమే, మంచి ప్రశ్న. మీ పిల్లలు ఏ సర్కారు బడిలో చదివారని తిరిగి అడిగేవాడే లేడు. ఎందుకు అడుగుతాడు? అడిగేవాడి పిల్లలూ అక్కడ లేరు.

ఒక్కమాట. ఇంగ్లిష్ కావాలన్న తల్లిదండ్రులను ఎగతాళి చేసే పెద్దమనుషులంటే నాకు ఒళ్లుమంట. వాళ్లేం పిచ్చివాళ్లు కాదు. ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్నవాడు, కొడుక్కి ఇంగ్లిష్ రావాలనుకోవడం తప్పా? వాడు అడిగింది ఇంగ్లిష్. వాడికి ఇచ్చింది బోర్డు. ఒక పుట ఇంగ్లిష్, ఎదురు పుట తెలుగు అచ్చేసి పుస్తకం చేతిలో పెట్టారు. తండా పిల్లకు రెండు పుటలూ పరాయివే. ఇంగ్లిష్ మాట్లాడే అలవాటు లేని పంతులు, ఇంగ్లిష్ వినే అలవాటు లేని పిల్లలు, మధ్యలో చుక్కలు చూసే గోడ గడియారం. 2022లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. లోపల బైజూస్ పాఠాలు. 2024లో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి పోయింది. 2023లో మూడో తరగతి నుంచి టోఫెల్ అన్నారు. అమెరికా పరీక్షండీ, మజాకా! బడికి కన్నడ పంతులు రాలేదు గానీ, న్యూజెర్సీ పరీక్ష వచ్చింది.

మరి భాష నిజంగా ఎట్లా వస్తుంది? పెనుకొండకు పోండి. 2017లో కియా ఒప్పందం కుదిరింది, ఫ్యాక్టరీ వచ్చింది. హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు లేచాయి. ఆ అక్షరాలు ఎట్లా పలకాలో చుట్టుపక్కల కుర్రాళ్లు పట్టేశారు. వాళ్లకు ఎవరు జీ.ఓ. ఇచ్చారు? కూలి దొరికే చోట నాలుక దానంతటదే తిరుగుతుంది. ఇంకొకటి చూడండి. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చారు. ఆయన పెట్టిన ఆర్‌డీటీ సంస్థ 2011 నుంచి పేదింటి డిగ్రీ పిల్లలకు స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్ నేర్పుతోంది. పల్లెటూరి కూలీ బిడ్డలు యూరప్ భాషల్లో మాట్లాడి ఉద్యోగాలు చేస్తున్నారు. ఓ స్వచ్ఛంద సంస్థకు చేతనైన పని సర్కారుకు ఎందుకు చేతకాలేదు?

చేతకాదు, ఎందుకంటే మనకు పరీక్ష ముఖ్యం. అదే పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యుల కథ తెలుసు కదా. పద్నాలుగు భాషలు వచ్చిన మనిషి. ఇంగ్లిష్ సాహిత్యం నేర్పింది అక్కడి దొరగారి భార్య. విశ్వనాథ ‘ఏకవీర’ను మలయాళంలోకి తీసుకెళ్లింది ఈయనే. చిన్నప్పుడు ఆయన రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ విద్వాన్ పరీక్షకు పాఠ్యపుస్తకమైంది. ఆ పరీక్ష రాసి, ఆ పేపర్లోనే ఆయన తప్పారని సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కవిని ఆయన పుస్తకంలోనే తప్పించే పరీక్షలివి. ఇంక రొళ్ల పిల్లవాడికి దిక్కెవరు?

1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం తెచ్చారు. 2008లో ప్రాచీన హోదా తెచ్చుకుని ఢంకా కొట్టారు. జీ.ఓ.లు తెలుగులోనూ ఇవ్వండని 2024లో మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు! అదీ ముందు ఇంగ్లిష్, తర్వాత తెలుగు. హైకోర్టులో తన భూమి కేసు నడుస్తుంటే రైతు వెనక బెంచీలో కూర్చుని వకీలు మొహం చూసి గెలుపోటములు అంచనా వేస్తాడు. పొరుగు రాష్ట్రంలో సైట్ ఇంజినీరు భాష నేర్చుకున్నవాడు, సొంత రాష్ట్రంలో సొంత కేసు అర్థం కాక కూర్చుంటాడు. ఇంతకంటే వలస ఏముంటుంది?

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తారు. ఫొటో దిగుతారు. ఆ గిడుగు ఏం చేశాడో దండ వేసిన చేతుల్లో ఎన్నింటికి తెలుసు? సవరల భాష పనిగట్టుకుని నేర్చుకున్నాడు. తన డబ్బు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడు. ఆ భాషకు వ్యాకరణం రాశాడు, నిఘంటువు కట్టాడు. కిందివాడి భాష నేర్చుకున్న పైవాడు ఆయన. అందుకే మీ చేతి దండ ఆయన మెడకు ఎక్కదు.

కాబట్టి అయ్యా, వచ్చే ఆగస్టుకు సభ వద్దు, శాలువా వద్దు. తండా బడికి సుగాలి మాట్లాడే పంతులును వేయండి. రొళ్ల, అగళి బడుల్లో కన్నడ పోస్టు ఖాళీ ఉంటే నింపండి. పంట బీమా కాగితం, బ్యాంకు కాగితం తెలుగులో అచ్చేయండి. ఇంగ్లిష్ చెబుతామన్నారు కదా, చెప్పగలిగిన పంతుళ్లను పంపించండి. ఈ నాలుగూ అయ్యాక కబురు పెట్టండి. దండ మేమే తెస్తాం.