కట్టెల సూత్రం – టీకా తాత్పర్య సహితం

మూలం:

"అమ్మాయ్! పొద్దుగూకినాక కట్టెల మీద చెయ్యేయమాక. కర్రతో తట్టు. పైనుంచి తియ్యి. దులిపి తీసుకురా. గడప చూసుకో."

అవతారిక: ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో అత్తగారు వసారాలో కూర్చుని, దొడ్లో ఉన్న కోడలికి వినపడేట్టు సాయంకాలం పూట చదివే గద్యమిది. ఇంటింటికీ ఒక కర్త ఉంది, అందరూ తమ సొంత రచనే అంటారు. ఛందస్సు లేదు. యతి ఉంది, ఆవిడ దగ్గే చోట. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎఱ్ఱాప్రగడ, నన్నయ వదిలిపెట్టిన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు గానీ అరణ్యంలోంచి దొడ్లోకి వచ్చిపడిన కట్టెల జోలికి పోలేదు. ఆ కొరత తీర్చడానికే ఈ పూనిక. మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మెదకు సీమకు చెందిన మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయనకు దొరికింది కాళిదాసు, కాబట్టి నెగ్గింది. నాకు దొరికింది వేన్నీళ్ల పొయ్యి.

ప్రతిపదార్థం: అమ్మాయ్ = ఓ కోడలా; పొద్దుగూకినాక = సూర్యుడు అస్తమించిన పిమ్మట; కట్టెల మీద = దొడ్డిగోడ వార పేర్చిన ఇంధనరాశిపై; చెయ్యేయమాక = హస్తమును ఉంచకుము; కర్రతో = దండముచేత; తట్టు = లోపలివారికి తెలియునట్లు మోదుము; పైనుంచి = శిఖరభాగమునుండి; తియ్యి = గ్రహింపుము; దులిపి = విదల్చి; తీసుకురా = గృహములోనికి కొనిరమ్ము; గడప = ద్వారబంధపు అడుగుమ్రానును; చూసుకో = కన్నులతోనే చూడుము, బొటనవేలితో కాదు అని భావం.

అమ్మాయ్: సంబోధన. ఎన్ని ఇళ్ల పాఠాలు విన్నా ఈ చోట "అబ్బాయ్" అన్న పాఠాంతరం తగల్లేదు. మంచం మీద వాలిన అబ్బాయికి ఈ శాస్త్రంలో అధికారం లేదని కొందరు, ఉంది గానీ వినపడలేదని మరికొందరు. రెండో పక్షమే యుక్తం.

కట్టెల మీద: బహువచనం సాభిప్రాయం. ఈ సీమ కుప్పలో ఒక్క జాతి ఉండదు. కొత్తపట్నం, సింగరాయకొండ తీరం సరుగుడు ఉంటుంది. కంది కోశాక కందికట్టె, పత్తి తీశాక పత్తికట్టె, మిరపకోతలయ్యాక మిరపకట్టె వచ్చి చేరతాయి. అన్నిటికీ అడుగున చిల్లకంప. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ చెట్టును దొరల అటవీశాఖ 1877 ప్రాంతంలో కడప సీమ కమలాపురం దగ్గర నాటించింది. వంటచెరుకు కరువు తీరుతుందన్నారు, తీరింది. దాంతోపాటు చెరువుగట్లూ బీళ్లూ కూడా దానికే దత్తమైపోయాయి. దీని ముల్లు రబ్బరు చెప్పును లెక్కచేయదు, విరిగి లోపల ఉండిపోతే కాలు వాచి మంచం ఎక్కిస్తుంది. అందుకే కంప మోసేవాళ్లు భుజాన గోతాం మడిచి వేసుకుంటారు, ముల్లును కత్తితో అక్కడే చెక్కేసి గానీ ఇంట్లోకి తేరు.

పత్తికట్టె విషయంలో వ్యవసాయశాఖవారు వేరే వ్యాఖ్య చేశారు. కట్టెకు అంటుకుని మిగిలిన ఎండుకాయల్లో గులాబీరంగు పురుగు దాగి వచ్చే ఏటి పంటకు ఎక్కుతుందని, చేల దగ్గర కట్టె నిలవ పెట్టొద్దని వారి మతం. అది నిజమే. ఇంటికి మంచిది చేనుకు చెడ్డది కావడం ఈ కుప్పలోనే చూస్తాం. మిరపకట్టెకు ఒక్క ఎండుకాయ వేలాడుతూ పొయ్యిలోకి పోయిందా, ఆ కోరుకు ఇంటిల్లిపాదీ వీధిలో పడాల్సిందే. దీనికి టీక అక్కర్లేదు, తుమ్ములే సాక్ష్యం. పొగాకు బ్యారన్లకు ట్రాక్టర్ల మీద వచ్చే మొద్దుల సంగతి ఈ సూత్రానికి లోబడదు. అది కూలీలతో నడిచే వేరే కాండ.

పొద్దుగూకినాక: సూత్రానికంతటికీ ఇదే ఆయువుపట్టు, కాబట్టి ఇక్కడ కాస్త నిలుస్తాను. వేదాంతులు మసకచీకట్లో తాడును చూసి పామనుకోవడాన్ని వందల ఏళ్లుగా భ్రాంతికి దృష్టాంతంగా చెబుతున్నారు. ఆ భ్రాంతి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. దీపం తెస్తే తాడు తాడుగానే తేలింది, జిజ్ఞాసువు మోక్షం దాకా వెళ్లాడు. దొడ్లో జరిగేది దీనికి తలకిందులు. పామును చూసి కట్టె అనుకోవడం. ఈ భ్రాంతికి ఏ భాష్యకారుడూ పేరు పెట్టినట్టు లేదు, ఎందుకంటే భాష్యకారులెవరూ వేన్నీళ్ల కోసం దొడ్లోకి వెళ్లినవారు కారు. వారికి నీళ్లు కాగి వచ్చాయి.

ఎలకలు కుప్పలో గూడు కడతాయి, ఎలకల కోసం పాములు వస్తాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ ఈ నేల మీద ఉన్నవే. నాగుపాము పడగెత్తి బుసకొడుతుంది, రక్తపింజరి కుక్కరు ఈలలా బుసకొడుతుంది. వాటికి అంతపాటి మర్యాద ఉంది. కట్లపాముకు అదీ లేదు. రాత్రే తిరుగుతుంది. కరిస్తే నొప్పి అంతగా ఉండదు, గాటు కూడా కనపడీ కనపడనట్టు ఉంటుంది. ముల్లు గుచ్చుకుందనుకుని పడుకున్నవాళ్లకు కొన్ని గంటలకు రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తరువాత ఊపిరి అందదు. చిల్లకంప కుప్పలో ముల్లు గుచ్చుకోవడం రోజూ ఉండేదే గనక ఇక్కడ ఈ పొరపాటు మరీ సులువు. కాబట్టి "పొద్దుగూకినాక" అన్నది కాలవాచకం మాత్రమే కాదు, నిషేధానికి హేతువు కూడా. అవసరమైన కట్టె వెలుగుండగానే లోపల చేరాలి.

కరిచాక ఏం చెయ్యాలో మూలం చెప్పదు. సూత్రకర్తకు అంత దూరం రానిచ్చే ఉద్దేశం లేదు. అధ్యాహారం చేసుకోవాలి: గట్టిగా కట్టు కట్టవద్దు, కొయ్యవద్దు, నోటితో పీల్చవద్దు, ఆకుపసర్ల కోసం ఊళ్లు తిరగవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి. మన దేశపు విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది, ఏ పామో తేల్చడానికి దాన్ని వెతికి చంపి సంచిలో తేనక్కర్లేదు.

తట్టు: చంపడానికి కాదు, తలుపు తట్టడం వంటిదే. పాముకు మన కేక వినపడ్డా పడకపోయినా అదురు తెలుస్తుంది. తట్టి వెనక్కి జరిగి కాసేపు ఆగాలి, దానికీ చెప్పు వెతుక్కునే వ్యవధి కావాలి కదా. "నాలుగు తట్టు" అని కొన్ని ఇళ్లలో పాఠం. సంఖ్య వివక్షితం కాదు.

పైనుంచి తియ్యి: మధ్యలో ఎండిన సరుగుడు కట్టె కనిపిస్తే లాగబుద్ధి పుడుతుంది. లాగితే పైది కాలి మీదికి వస్తుంది. ఇంతే.

దులిపి: తట్టినా కదలనిది తేలు. అది బెరడు సందుల్లో అతుక్కుని కట్టెతోపాటే ఇంట్లోకి ఊరేగి వస్తుంది. అందుకే తట్టడం చెప్పాక మళ్లీ దులపడం చెప్పడం పునరుక్తి దోషం కాదు. పెద్ద నల్లతేలును చూసి జడిసి చిన్న ఎర్రతేలును తేలిగ్గా తీసుకోవడం లోకరీతి, నిజం దానికి ఎదురు. ఎర్రతేలు కుడితే ఒళ్లంతా చెమట, చేతులూ కాళ్లూ చల్లబడటం, గుండె మీదికి రావడం, ముఖ్యంగా పిల్లలకు. రక్తపోటుకు వాడే ప్రజోసిన్ మాత్ర దీనికి ప్రాణం పోస్తుందని మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేస్తూ డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ నిరూపించారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అత్తగార్లకు ఇంకా ఏమీ రాలేదు.

గడప చూసుకో: గుండెల దాకా కట్టెలు పేర్చుకుని వస్తే కాళ్లు కనపడవు. పసుపు రాసిన ఎత్తు గడప అక్కడే కాచుకుని ఉంటుంది. ఇందులో "తక్కువ తెచ్చుకో, రెండుసార్లు తిరుగు" అన్నది ధ్వని. చంకన పెట్టుకుంటే ఒక చెయ్యి ద్వారబంధానికి ఖాళీ ఉంటుంది. దించేటప్పుడు పొయ్యికి ఆనించి దించవద్దని కూడా ఇక్కడే కలుపుకోవాలి.

పూర్వపక్షం: 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 దీపావళి నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఇంకా ఈ సూత్రం దేనికి?

సమాధానం: గ్యాసు వంటింట్లోకి వచ్చింది గానీ కట్టెల కుప్ప దొడ్లోంచి పోలేదు. చలికాలం వేన్నీళ్లకు, పండగ అరిసెలకు, పెళ్లి గాడిపొయ్యికి అది ఉండనే ఉంది. మునుపు రోజూ మూడు పూటలా కదిలించే కుప్ప. ఇప్పుడు నెలల తరబడి ఎవరూ ముట్టరు. ముట్టని కుప్పే పాములకూ తేళ్లకూ స్థిరనివాసం. అంటే గ్యాసు వచ్చాక సూత్రం అవసరం తగ్గకపోగా పెరిగింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చి, అరిసెల పొయ్యికి కట్టెలు తెస్తామంటూ సెల్లు లైటు వేసుకుని ఉత్త కాళ్లతో దొడ్లోకి పరిగెత్తే కొడుకులకూ కోడళ్లకూ ఈ మూలాన్ని ముందురోజే వాట్సాప్‌లో పంపడం మేలు. టీక పంపనక్కర్లేదు.