క్యూఆర్ కోడ్ కింద బస్సు వేళలు

రవాణా శాఖ పెద్దలకు,

మా పల్లె బస్ షెల్టర్ గోడకు మీవాళ్లు అంటించిన క్యూఆర్ కోడ్ పోస్టరు ముచ్చటగా ఉంది. సరిగ్గా పెయింటుతో రాసిన బస్సు వేళల మీదే అంటించారు. ఇప్పుడు వేళలూ కనపడవు, స్కాన్ చేస్తే పల్లెవెలుగు బస్సూ దొరకదు. తెర మీద చక్రం మాత్రం గిరగిరా తిరుగుతుంది. ఎక్కి పోవడానికి అదేమన్నా బండి చక్రమా? సాయంత్రం ట్రిప్పు రద్దయితే కూలికి పోయిన ఆడవాళ్లు ఎట్లా ఇల్లు చేరతారో ఆ పోస్టరు గీసినాయనకు ఎవరైనా చెప్పారా? తెలంగాణ మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి వాళ్లకు టికెట్ లేదు, సంతోషం. రాని బస్సులో ఉచితమేం చేసుకుంటారు?

యాప్‌తో షేరింగ్ ప్రయాణాలు తెస్తామంటున్నారు. అవి ఎప్పటినుంచో ఉన్నవే: నిండితే కదిలే ఆటో, ఆశా వర్కరు ఫోన్లో ఉన్న డ్రైవరు నంబరు. లేనిది చట్టంలో చోటు. 1988 మోటారు వాహనాల చట్టంలో కాంట్రాక్ట్ క్యారేజ్ అంటే దారిలో ఆగి, ఒప్పందంలో లేనివాళ్లను ఎక్కించుకోకూడనిది. పోనీ దారిలో ఎక్కించి దించే స్టేజ్ క్యారేజ్ అందామంటే డ్రైవరు కాక ఆరుగురికి మించి పట్టే బండి కావాలి. ముగ్గురి ఆటో ఎటూ కాదు. అందుకే అంగడి రోజు ఆపి చలాన్ రాస్తారు, మర్నాడు అదే పనికి షేర్డ్ మొబిలిటీ అని పేరుపెట్టి మీటింగు పెడతారు. గ్రామీణ రవాణా కోసం పర్మిట్లు మార్చుకోవచ్చని, పథకాలు పెట్టుకోవచ్చని 2019 సవరణ 67వ సెక్షన్లో రాష్ట్రాలకు రాసిచ్చింది. వాడరేం?

ఆటోల్లో కుక్కి ఎక్కిస్తారని, ప్రమాదాలని అంటారు. నిజమే, ఆటో బోల్తా పడితే కూలీలే పోతున్నారు. కానీ 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో 60 మందికి పైగా పోయింది ఆర్టీసీ బస్సులోనే, సీట్లకు మించి ఎక్కిన బస్సులో. జనం ఉండి బండ్లు లేనిచోట పర్మిటున్నా కుక్కుడే. రూటు, ఛార్జీ, ఎందరెక్కాలో రాసిస్తే కదా తప్పినవాణ్ని పట్టుకునేది! ఇక ఆర్టీసీ ఆదాయానికి గండి అన్న మాట. బస్సు పోని దారికే పర్మిటివ్వండి, ఆటో జనాన్ని తెచ్చి బస్సెక్కిస్తుంది. (ఉచిత బస్సుతో గిరాకీ పోయిందని ఆటోవాళ్లు చేసిన ధర్నాలకూ కొంత జవాబు దొరుకుతుంది.)

డిజిటల్ వద్దని కాదు. బటన్ ఫోనుకు పనికొచ్చేది పెట్టండి: ఒక నంబరు, మిస్డ్ కాల్ ఇస్తే తెలుగులో జవాబు. సాయంత్రం ట్రిప్పు లేకపోతే మధ్యాహ్నమే చెప్పండయ్యా, ఆటో మేం మాట్లాడుకుంటాం. దాన్ని మాత్రం ఆపకండి.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు