మిడిమాట: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మీట నొక్కగానె మిడిమాట పంపును,
గణకయంత్ర మపుడు గళము విప్పు,
బఫరు పెంచినావొ పాట వెనుకబడు,
తగ్గజేసినావొ దరువు చిట్లు.

అవతారిక. పెళ్లి రిసెప్షన్ వేదిక మీద ఒక బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, ముందు సన్నపాటి కీబోర్డు, రెంటికీ మధ్య ఒక యూఎస్‌బీ తీగ. పాటలో నాదస్వరం మోగుతోంది, వయొలిన్లు మోగుతున్నాయి, మనుషులు మాత్రం కనిపించరు. ముందు వరసలోని పెద్దాయన ఉండబట్టలేక “ఏం బాబూ, సన్నాయివాళ్లని ఎక్కడ కూర్చోబెట్టారు?” అని అడిగాడనుకోండి. దానికి జవాబే పై పద్యం. ఈ వ్యాఖ్య కోసమే పుట్టింది కనుక పాఠభేదాలు లేవు.

ప్రతిపదార్థం. మీట: హార్మోనియం మాస్టార్లు దీన్ని మెట్టు అంటారు, ఆర్కెస్ట్రా కుర్రాళ్లు కీ అంటారు. మెట్టు అన్నా ఇక్కడ గణం చెడదు, యతీ తప్పదు. అయినా కవి మీట అనడానికి కారణముంది. హార్మోనియం మెట్టు నొక్కితే గాలి కదిలి లోపలి రీడు పలుకుతుంది. ఇక్కడ పలికేది ఏమీ లేదు. లైటు మీటకూ దీనికీ దగ్గరి చుట్టరికం.

నొక్కగానె: చివరి ఏవకారాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. రగడంతా దాని దగ్గరే.

మిడిమాట: మిడి యొక్క మాట, షష్ఠీ తత్పురుషం. మిడిగుడ్లతో చుట్టరికం కలిపే పక్షం ఒకటుంది. నొక్కినా శబ్దం రానప్పుడు వాయించేవాడి కళ్లను చూసినవాళ్లది ఆ పక్షం. మిడి అంటే వాద్యాలు తమలో తాము మాట్లాడుకునే భాష. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి దీనికి మూలపురుషులు. 1983 జనవరిలో నామ్ అనే సంగీత వాద్యాల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600నూ, రోలాండ్ వారి జూపిటర్-6నూ ఒకే తీగతో కలిపారు. పోటీ కంపెనీల వాద్యాలు రెండూ ఒకదాని మాట ఒకటి విన్నాయి. ఆ ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది.

కవి మాట అన్నాడు గాని పాట అనలేదు. తీగలో వెళ్లేది శబ్దం కాదు, మూడంటే మూడు అంకెలు. ఉదాహరణకు 144, 60, 100. మొదటిది “ఒకటో చానెల్లో స్వరం మొదలెట్టు” అన్న ఆజ్ఞ. రెండోది ఏ స్వరమో చెబుతుంది: 60 అంటే పియానో నడుమనుండే సి. మూడోది ఎంత జోరుగా తాకారో చెబుతుంది. జోరు లెక్క 127తో సరి. ఆపైన ఎంత బాదినా నొప్పి వేళ్లకే. పాత అయిదు పిన్నుల తీగ సెకనుకు 31,250 బిట్ల చొప్పున మోసేది. ముందూ వెనకా చేరే గుర్తులతో కలిపి ఈ మాటకు 30 బిట్లు, అంటే ఒక మిల్లీసెకను కూడా పట్టదు. పాట వెనుకబడితే ఆ జాగుకు తీగ బాధ్యురాలు కాదని దీనివల్ల తేలుతోంది.

గళము విప్పు: 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ, కంప్యూటరు లోపలే ధ్వనిని మలిచే వీఎస్‌టీ పద్ధతిని తెచ్చింది, 1999 నుంచి అందులోకి వాద్యాలూ వచ్చి చేరాయి. అసలు పియానో ఒక్కో స్వరాన్ని రకరకాల జోరులతో రికార్డు చేసి దాచి ఉంచుతారు. అంకెలు అందగానే కంప్యూటరు వాటిలోంచి తగినదాన్ని తీసి వినిపిస్తుంది.

బఫరు: ఇదీ పద్యానికి ఆయువుపట్టు. పెళ్లి పంక్తిలో సాంబారు బకెట్టును తలుచుకోండి. వంటశాల కంప్యూటరు, విస్తరి స్పీకరు, మధ్యలో తిరిగే బకెట్టు బఫరు. సెకనుకు 44,100 ధ్వని నమూనాలు వడ్డించాలి. పెద్ద బకెట్టయితే వంటవాడికి సుఖం, కానీ అది నిండేదాకా విస్తరి ముందు కూర్చున్నవాడు చేయి ఎండబెట్టుకోవాలి. 1024 నమూనాల బకెట్టుకు 23 మిల్లీసెకన్లు పడుతుంది. ఎదుటి స్పీకరును ఎనిమిది మీటర్ల దూరం జరిపినట్టే. వేలు పడింది ఒకచోట, స్వరం వినపడింది ఇంకోచోట. వేగంగా వాయించేవాడికి తన చేతుల మీదే అనుమానం పుడుతుంది. 256కి దించితే ఆరు మిల్లీసెకన్ల లోపే, అంటే రెండు మీటర్ల దూరం. దీనికి డ్రైవరు, సౌండు కార్డు తమ వంతు జాగు కొంత కలుపుతాయి. విండోస్ వాడేవాళ్లు ఆసియో డ్రైవరు కోసం పడే తాపత్రయం ఇందుకే. మ్యాక్ వాళ్లకు కోర్ ఆడియో పుట్టింటి సొమ్ము.

దరువు చిట్లు: బకెట్టు మరీ చిన్నదైతే వంటవాడు అందుకోలేడు, విస్తరి ఖాళీ పడుతుంది. ఆ ఖాళీయే చెవికి చిటపటగా తగులుతుంది. సస్టెయిన్ పెడల్ తొక్కిపెట్టి రెండు చేతులా వాయిస్తే పాత స్వరాలు పోకముందే కొత్తవి వచ్చి పడతాయి, వంటశాలలో గగ్గోలు.

పూర్వపక్షం: నొక్కడం చెప్పిన కవి, వదలడం చెప్పలేదు, ఇది న్యూనపద దోషం కాదా? అవును, దోషమే. మీట వదిలితే “ఇక ఆపు” అని వేరే మాట వెళ్తుంది. అది దారిలో తప్పిపోతే స్వరం ఆగదు. పాట అయిపోయి, చప్పట్లు అయిపోయి, వధూవరులు ఫొటోలకు నిలబడ్డాక కూడా వయొలిన్ ఒక్కటే కూస్తూ ఉంటుంది. అందుకే ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో “ప్యానిక్” బటన్ పెడతారు. పేరు వాయించేవాడి స్థితిని బట్టి పెట్టిందే అనిపిస్తుంది.

విశేషం. గమకం గురించి కవి మౌనం వహించాడు. మెట్ల మధ్య స్వరం లేదు కనుక పక్కనున్న బెండ్ చక్రమే దిక్కు. దానికి 16,384 స్థానాలున్నా, అది వంచితే చానెల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. కల్యాణిలో మధ్యమాన్ని ఊపబోతే కింద పట్టి ఉంచిన షడ్జమం కూడా ఊగుతుంది. 2018లో వచ్చిన ఎంపీఈ పద్ధతిలో ఒక్కో స్వరానికి ఒక్కో చానెల్ ఇచ్చి ఈ చిక్కు తీర్చారు, కానీ దానికి తగ్గ కీబోర్డూ కావాలి, తగ్గ డబ్బూ కావాలి.

ఇక వాయించబోయే వారికి మనవి: ఇంట్లోనే 128 నమూనాల బఫరుతో మొదలుపెట్టి, అన్నిటికన్నా బరువైన పాటను పెడల్ తొక్కి మరీ వాయించి చూడండి. చిటపట వినిపిస్తే 256కి పెంచండి. వైఫై ఆపండి, చార్జరు తగిలించండి. మండపంలోకి వెళ్లాక మాత్రం బఫరు జోలికి పోకండి.