మాత్రల మావయ్య

మా వీధిలో ఎవరైనా రెండోసారి తుమ్మితే చాలు, చంకలో బిస్కెట్ల డబ్బాతో మావయ్య దిగుతాడు. మూత తీస్తే బిస్కెట్లుండవు. కత్తెరతో ముక్కలు ముక్కలుగా కోసిన మందుల స్ట్రిప్పులుంటాయి. పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద. ఆ రెండోది ఎప్పుడో ఎదురింటివాళ్ళ మోకాళ్ళకి ఖర్చయిపోయి ఉంటుంది.

పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు విడదీసి రిటైరైన మనిషి. వైద్యమూ అదే లెక్క. "మోకాలి మాత్ర మోకాలికి, గుండె మాత్ర గుండెకి. ఎడ్రసులు వేరైతే వాటి మధ్య తగవేంట్రా?"

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న పక్కింటి తాతగారికి నడుంనొప్పని ఆస్పిరిన్ ఇచ్చాడు. నాలుగోనాడు పళ్ళు తోముతుంటే బ్రష్షు ఎర్రబడింది. "కొత్త పేస్టు పడలేదు" అని తేల్చేశాడు మావయ్య. కొడుకు వేళకి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనిది నవ్వుతూ రాసేవాణ్ణి కాదు. జలుబు చేసినవాడికి జ్వరానికొకటి, జలుబుకొకటి, ఒళ్ళునొప్పులకొకటి ఇస్తాడు. మూడింట్లోనూ ఉండేది పారాసెటమాలే. కవర్లు మూడు, ఉత్తరం ఒకటే. మోత మాత్రం పాపం కాలేయానిది.

అసలు కథ అత్తయ్యది. ఆమె థైరాయిడ్ మాత్ర ఏడాదిలో 50 మైక్రోగ్రాముల నుంచి 75కి, అక్కణ్ణుంచి 100కి ఎక్కింది. నీరసం మాత్రం మెట్టు దిగలేదు. చివరికి మందుల షాపు కుర్రాడడిగాడు: "కాల్షియం ఎప్పుడేసుకుంటారు పిన్నిగారూ?"

"రెండూ ఒకే గ్లాసు నీళ్ళతో ఇచ్చేస్తారు బాబూ, పని కలిసొస్తుందని."

కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు. కాల్షియం ఆ మాత్రని పేగులోనే పట్టేసుకుంటుందట, ఒంటికి పట్టనివ్వదట. రెంటికీ నాలుగ్గంటల ఎడముండాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపునే, మంచినీళ్ళతోనే. కాఫీ అయినా కనీసం అరగంట ఆగాకే.

మావయ్య ఆ రోజంతా డబ్బా మూత తియ్యలేదు. మర్నాటికి వంటింటి గోడ మీద టైంటేబుల్ వెలిసింది: థైరాయిడ్ ఆరింటికి, కాల్షియం మధ్యాహ్నం భోజనంలో. మెచ్చుకుందామని పొద్దున్నే వెళ్ళాను. సరిగ్గా ఆరు కొట్టగానే అత్తయ్య అరచేతిలో మాత్ర పెట్టి, రెండో చేతికి పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ అందించాడు.

"ఉత్త నీళ్ళతో ఎలా దిగుతుందిరా, చలికాలం!"