ఈశాన్యంలో బరువు

మన పొడుపుకథకు జవాబు తెలియగానే "ఓస్, ఇంతేనా" అంటాం. ల్యాటరల్ థింకింగ్ పజిల్‌కు జవాబు తెలిశాక "ఇదెక్కడి అన్యాయం" అంటాం. ల్యాటరల్ థింకింగ్ అన్న పేరు 1967లో ఎడ్వర్డ్ డి బోనో పెట్టింది. నేరుగా పోతే తెగని చిక్కును పక్కదారిన వెళ్ళి విప్పమంటాడాయన. ఆట సులువే. మనం ఎన్ని ప్రశ్నలైనా వేయొచ్చు. పజిల్ ఇచ్చినవాడు మాత్రం "అవును", "కాదు", "సంబంధం లేదు" అనే మూడు జవాబులతోనే సరిపెట్టాలి. "భోంచేశారా?" అంటే కూర ఎందుకు మాడిందో కూడా చెప్పే మన ఇళ్ళలో ఈ నియమం పెట్టడమే సాహసం.

సంక్రాంతికి వచ్చిన మా అన్నయ్య కొడుకు, అరిసెల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆ సాహసం చేశాడు.

"వాతావరణం బాగుంది. పటం సరైనదే. దిక్సూచి చెడిపోలేదు. నావికులు అది చూపిన దిక్కునే పోయారు. అయినా ఓడ ఎక్కడో తేలింది. ఎందుకు?"

"బయల్దేరింది అమావాస్యనాడా?" అంది మేనత్త.

"సంబంధం లేదు."

"అమావాస్యకు సంబంధం లేదంటావేంట్రా! మీ తాతయ్య..." అని అత్త ఎత్తుకున్న కథ ముగిసేసరికి రెండు అరిసెలు అయిపోయాయి.

రెవెన్యూలో రిటైరైన బాబాయి గొంతు సవరించుకున్నాడు. "పటం మీద సర్వేయరు సంతకం ఉందా?"

"ఉంది... అంటే, సంబంధం లేదు తాతయ్యా."

"ముందు ఉందన్నావు. మాట మార్చకు."

పక్కింటి వాస్తు సిద్ధాంతిగారు అప్పటిదాకా కళ్ళు మూసుకుని వింటున్నారు. కిందటేడు ఆయన మాట మీదే మా వంటిల్లు ఆ మూల నుంచి ఈ మూలకు మారింది. కొళాయి మాత్రం పాతచోటే ఉండిపోయింది. అప్పట్నుంచీ వదిన హాల్లోంచి బిందెలు మోస్తోంది. ఆయన కళ్ళు తెరిచి, "ఓడలో ఈశాన్యాన బరువేమైనా పెట్టారా?" అన్నారు.

మావాడి చేతిలో అరిసె ఆగిపోయింది. "ఈశాన్యం, సంబంధం లేదు. బరువు పెట్టారు, అవును!"

సిద్ధాంతిగారు కండువా సర్దుకున్నారు. బిందెతో వెళ్తున్న వదిన గుమ్మంలో ఆగి, "ఇనపదా?" అంది.

"అవునమ్మా!"

"దిక్సూచి పక్కన పెట్టారా?"

పజిల్ తెగిపోయింది. దగ్గర్లో ఇనుముంటే ముల్లును అటు లాగుతుంది. జూల్స్ వెర్న్ 1878లో రాసిన 'పదిహేనేళ్ళ కెప్టెన్' నవలలో ఓడ వంటవాడు దిక్సూచి కింద రహస్యంగా ఇనపముక్క పెడతాడు. దక్షిణ అమెరికాకు పోవాల్సినవాళ్ళు ఆఫ్రికాలో దిగుతారు, దిగాక కూడా అది అమెరికాయే అనుకుంటారు. కథే కదా అనడానికి లేదు. ఆస్ట్రేలియా తీరాన్ని సర్వే చేసిన మాథ్యూ ఫ్లిండర్స్, ఓడ ముఖం తిరిగినప్పుడల్లా దిక్సూచిలో తేడా కూడా మారడం గమనించాడు. దోషం ఓడలోని ఇనుముదే. ముల్లును ముల్లుతోనే తీయాలని, దిక్సూచి దగ్గర నిలువుగా ఒక ఇనపకడ్డీ నిలబెట్టడం మొదలైంది. దానికి ఆయన పేరే. తర్వాత లార్డ్ కెల్విన్ అటొకటి ఇటొకటి ఇనపగుండ్లు కూడా చేర్చాడు.

అమావాస్యను అనుమానించాం, సర్వేయరును అనుమానించాం. దిక్కు చూపించేదాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. పెద్దరికం అంటే అదే కాబోలు.

వదిన ఇంకా గుమ్మంలోనే ఉంది. "సిద్ధాంతిగారూ, కిందటేడు మీ దిక్సూచి మా బీరువా మీద పెట్టే కదా చూశారు?"

"అవును."

"అది టేకు బీరువానా?"

"కాదు."

"అయితే మీరు ఆగ్నేయం అన్న మూల ఆగ్నేయమేనా?"

ఆయన కాసేపు పైకప్పుకేసి చూశారు.

"సంబంధం లేదు."

వదిన మారుమాట్లాడకుండా బిందె తెచ్చి ఆయన చేతికిచ్చింది.